ఆశా కార్యకర్త మీ నడుము ఎందుకు కొలుస్తారు? ఆ ఫారంలో మీకెన్ని మార్కులు?

ఉదయం పదకొండు గంటల వేళ. కాజీపేటలోనో, శివనగర్‌లోనో, సుబేదారిలోనో ఓ ఇంటి ముందు ఆశా కార్యకర్త నిలబడి ఉంటారు. చేతిలో ఓ ఫారం, ఓ కొలత టేపు. "ఇంట్లో 30 ఏళ్లు దాటినవాళ్లు ఎవరెవరున్నారు?" అని అడుగుతారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల వివరాలు రాసుకుని, నడుము కొలిచి వెళ్లిపోతారు. ఆ సమయానికి మీరు ఆఫీసులోనో, షాపులోనో, స్కూల్లోనో ఉంటారు. మీ పేరు పక్కన ఖాళీ మిగిలిపోతుంది.

ఆ ఖాళీ ఎందుకు ముఖ్యమో, దాన్ని మీరే ఎలా పూరించుకోవచ్చో చూద్దాం.

గుండె జబ్బులు, పక్షవాతం, షుగర్, క్యాన్సర్, ఏళ్ల తరబడి వేధించే ఊపిరితిత్తుల జబ్బులు ఒకరి నుంచి మరొకరికి అంటుకోవు. అందుకే వీటిని సాంక్రమికేతర వ్యాధులు అంటారు. దవాఖానల్లో అందరూ వాడే మాట మాత్రం ఎన్‌సీడీ. వీటిని ముందే పట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2010లో ఓ జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు చేయాలి. మహిళలకైతే వీటితోపాటు రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు కూడా. తెల్ల రేషన్ కార్డుతో దీనికి సంబంధం లేదు. ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లకూ ఉచితమే.

అవసరం ఎంతుందో రెండు లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, పెద్దవాళ్లలో 100కి 35 మందికి బీపీ ఉందని అందులో తేలింది. ఇక తెలంగాణ విషయానికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు 31 శాతం, ఆడవాళ్లలో 26 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది లేదా వాళ్లు బీపీ మందులు వాడుతున్నారు. అంటే మీ ఆఫీసులో పదిమంది ఉంటే, సగటున ఇద్దరు ముగ్గురు ఈ లెక్కలోకి వస్తారు. వాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే బీపీకి నొప్పి ఉండదు. షుగర్ కూడా మొదటి కొన్నేళ్లు ఏ చప్పుడూ చేయదు.

ఆరు ప్రశ్నలు, పన్నెండు మార్కులు

ఆశా కార్యకర్త చేతిలోని ఫారాన్ని 'సీబ్యాక్' అంటారు. ఆ మొదటి పేజీలో ఆరు ప్రశ్నలుంటాయి. మీరిప్పుడే వేసుకోవచ్చు. అన్నీ కలిపితే గరిష్ఠంగా 12 మార్కులు. పరీక్షల్లోలా కాదు, ఇక్కడ ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

మొదటిది వయసు. 30 లోపు ఉంటే 0, 30-39 మధ్య 1, 40ల్లో 2, 50ల్లో 3, 60 నిండితే 4. దీని గురించి మనం చేయగలిగిందేమీ లేదు, ముందుకెళ్దాం.

రెండోది పొగాకు. సిగరెట్, బీడీ మాత్రమే అనుకోకండి. గుట్కా, ఖైనీ, జర్దా పాన్, అంబర్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఎప్పుడూ ముట్టనివాళ్లకు 0, గతంలో వాడి మానేసినా, ఇప్పుడు అప్పుడప్పుడు వాడుతున్నా 1, రోజూ వాడితే 2. "నేను పొగ తాగను, ఊరికే నోట్లో పెట్టుకుంటా" అనేవాళ్లు చాలామంది ఉంటారు. నోటి క్యాన్సర్‌కు దారి ఎక్కువగా అక్కడి నుంచే. మానాలనుకుంటే 1800-112-356 అనే ఉచిత జాతీయ నంబరుకు ఫోన్ చేయండి, కౌన్సెలర్లు మాట్లాడతారు.

మూడోది మద్యం. ప్రశ్న "రోజూ తాగుతారా?" అని ఉంటుంది. అవునంటే 1, కాదంటే 0. ఇది ఫారంలో ఉన్న లోపమనే చెప్పాలి. వారమంతా ముట్టకుండా శనివారం దావత్‌లో ఫుల్‌గా తాగే మనిషికీ ఇక్కడ సున్నానే పడుతుంది. ఒంటికి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఒక్క పూటలో ఎక్కువ తాగినా బీపీ పెరుగుతుంది. కాబట్టి ఫారంలో సున్నా వచ్చినా, డాక్టర్ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి.

నాలుగోది నడుము. కాస్త ఆగాల్సింది ఇక్కడే. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల వరకు ఉంటే 0. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు పెరిగేవరకు 1, ఆపైన 2. అంగుళాల్లో 90 అంటే సుమారు 35న్నర, 80 అంటే 31న్నర. చాలామంది ప్యాంటు సైజు చెబుతారు. ప్యాంటు పొట్ట కింద కడతాం కాబట్టి ఆ అంకె మనల్ని మభ్యపెడుతుంది. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి బిగించకూడదు.

బరువు చూడకుండా నడుమే ఎందుకు? చర్మం కింద ఉండే కొవ్వు కన్నా, పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ప్రమాదకరం. అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. మన దగ్గర చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు ఎక్కువ. తూకం మెషిన్ ఎక్కితే బరువు మామూలుగానే ఉంటుంది, షుగర్ మాత్రం ఉంటుంది. అందుకే భారతీయులకు ఈ కొలతలు యూరప్ వాళ్లకన్నా తక్కువగా పెట్టారు.

ఐదోది నడక. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున శ్రమ ఉంటే 0, లేకపోతే 1. భద్రకాళి బండ్ మీద, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, జేఎన్‌ఎస్‌లో తెల్లవారుజామున నడిచేవాళ్లకు ఇది సమస్య కాదు. వేగం ఎంతుండాలంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాకింగ్ అయ్యాక గేటు బయట టిఫిన్ బండి దగ్గర పూరీ, బజ్జీ తింటే ఎలా అన్న ప్రశ్న ఫారంలో లేదు గానీ, మీకు మీరు వేసుకోవచ్చు.

ఆరోది కుటుంబం. అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో బీపీ, షుగర్, గుండె జబ్బుల్లో ఏ ఒక్కటి ఉన్నా 2. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ రెండు మార్కులు ముందే పడిపోయి ఉంటాయి.

ఉదాహరణకు ఓ 42 ఏళ్ల ఉద్యోగిని తీసుకుందాం. వయసుకు 2, అప్పుడప్పుడూ సిగరెట్‌కు 1, 96 సెంటీమీటర్ల నడుముకు 1, బైక్ మీదే తిరుగుతాడు కాబట్టి 1, నాన్నకు షుగర్ కాబట్టి 2. మొత్తం 7. అతనికి ఏ జబ్బు లక్షణమూ లేదు. తనను తాను ఆరోగ్యవంతుడిననే అనుకుంటాడు.

ఫారం అడగనిది: ఉప్పు, అన్నం

తిండి గురించి ఈ మార్కుల్లో ఒక్క ప్రశ్న కూడా లేదు. నాకైతే ఇదే పెద్ద లోటుగా అనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, దేశంలోని మొత్తం జబ్బుల భారంలో సగానికి పైగా సరికాని తిండి వల్లేనని అంచనా వేసింది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీ స్పూను. కూరలో వేసింది మాత్రమే కాదు, తొక్కు, పెరుగన్నంలో నంజుకునే పచ్చడి, సకినాలు, కారప్పూస, మిక్చర్, చిప్స్‌లో ఉన్నదంతా ఈ స్పూనులోకే రావాలి. రెండు పూటలా తొక్కు లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఇది ఎంత కష్టమో తెలిసిందే. పూర్తిగా మానమని ఎవరూ అనరు. పచ్చడి ఉన్న పూట కూరలో ఉప్పు తగ్గించడం, మజ్జిగలో ఉప్పు వేయకపోవడం లాంటివి ఇంట్లో ఎవరూ గమనించకుండానే జరిగిపోతాయి.

అన్నం విషయం కూడా అంతే. పళ్లెంలో ముప్పావు వంతు తెల్లన్నం, ఓ మూల కూర అన్న లెక్క తిరగబడాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

ఫారం రెండో భాగంలో లక్షణాలు అడుగుతారు. రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, నోట్లో తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, రొమ్ములో గడ్డ, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, రెండు వారాలకు మించిన దగ్గు. వీటిలో ఏదున్నా మార్కులతో పనిలేదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. ఆ తర్వాత వంట దేనిమీద చేస్తారు, పొగలో దుమ్ములో పనిచేస్తారా అని ఉంటుంది. కట్టెల పొయ్యి ముందు ఇరవై ఏళ్లు కూర్చున్న అమ్మమ్మకు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య పనిచేసే హమాలీకి, పత్తి జిన్నింగ్ మిల్లు కూలీకి సిగరెట్ ముట్టకున్నా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ఈ జబ్బుల్ని 'జీవనశైలి వ్యాధులు' అనడం అలవాటైపోయింది కానీ, ఆ హమాలీ తన శైలిని ఎంచుకోలేదు కదా.

మార్కులు 4 దాటితే?

దాటితే మీకు ప్రమాదం ఎక్కువ అని అర్థం. జబ్బు ఉన్నట్టు కాదు. ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు జరిగే ఎన్‌సీడీ పరీక్షలకు మిమ్మల్ని ముందుగా పంపాలన్నది నిబంధన. 4 లేదా అంతకన్నా తక్కువ వచ్చినా పరీక్ష అక్కర్లేదని మాత్రం కాదు. 30 నిండితే అందరికీ చేయాల్సిందే. బీపీ, షుగర్ ఏడాదికోసారి, క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్లకోసారి.

ఎక్కడికి వెళ్లాలి? చిన్న పరీక్షకు ఎంజీఎం దాకా వెళ్లి ఓపీ లైన్లో నిలబడాల్సిన పని లేదు. ఎంజీఎం ఉమ్మడి జిల్లాతోపాటు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే పెద్ద కేసుల కోసం. మీ ఇంటికి దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రమో, బస్తీ దవాఖానో చాలు. దేశాయిపేట, లష్కర్ సింగారం లాంటి చోట్ల ఉన్న కేంద్రాలు ఇందుకోసమే. 2021 నుంచి వరంగల్, హనుమకొండ వేర్వేరు జిల్లాలు కాబట్టి, మీ కాలనీ ఏ కేంద్రం పరిధిలోకి వస్తుందో, పరీక్షల రోజు ఏదో మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడిగితే చెబుతారు. ఆమె ఫోన్ నంబరు ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది.

అక్కడ బీపీ చూస్తారు, వేలి చివర సూదితో రక్తం తీసి షుగర్ చూస్తారు. ఏ సమయంలో చూసినా షుగర్ 140 దాటితే నిర్ధారణకు మళ్లీ పరీక్ష రాస్తారు. పరగడుపున 126 లేదా ఆపైన, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 లేదా ఆపైన, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన ఉంటే షుగర్ కింద లెక్క. రక్త నమూనాలను తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపే ఏర్పాటుంది. 2018లో హైదరాబాద్‌లో మొదలైన ఈ ఉచిత సేవ 2021 నుంచి జిల్లాలకూ వచ్చింది. బయట ల్యాబుల్లో వందల్లో అయ్యే పరీక్షలు ఇక్కడ పైసా లేకుండా అవుతాయి.

బీపీకి హద్దు 140/90. ఒక్కసారి చూసి తేల్చేయరు, వేరే రోజు కూడా చూస్తారు. ముందు ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ వద్దు. పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. మెట్లెక్కి వచ్చి వెంటనే చేయి చాపితే అంకె ఎక్కువే వస్తుంది. ఇక చేతి స్మార్ట్‌వాచ్ చూపించే బీపీని నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి. భుజానికి పట్టీ చుట్టి చూసిందే లెక్క.

మహిళలు వెనకాడేది మిగతా రెండు పరీక్షల దగ్గర. రొమ్ము పరీక్షను శిక్షణ పొందిన మహిళా సిబ్బంది చేత్తో చేస్తారు. గర్భాశయ ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి, తెల్లమచ్చలు కనిపిస్తాయేమో చూస్తారు. ఎసిటిక్ యాసిడ్ అంటే భయపడకండి, వంటింటి వెనిగర్‌లో ఉండేది అదే. కాస్త ఇబ్బందిగా ఉంటుందేమో కానీ మత్తు, కోత ఏమీ ఉండవు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అయినా 2019-21 సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 100కి ఇద్దరు కూడా లేరు. క్యాన్సర్‌గా మారకముందే పట్టుకోగలిగిన జబ్బు ఇది. అమ్మను, అత్తమ్మను బీపీ చూపించడానికి తీసుకెళ్లే కోడళ్లు, కూతుళ్లు తమ పరీక్ష కూడా అదే రోజు చేయించుకోవచ్చు.

జబ్బు తేలాక అసలు కథ

పరీక్ష చేయించుకోవడం సులువే. ఆ తర్వాత నెలనెలా మాత్ర తెచ్చుకుని వేసుకోవడం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు.

ఇది వరుసగా ఎలా జరుగుతుందో చూడండి. బీపీ 160/100 వచ్చింది, మాత్ర రాశారు. నెల వాడారు, 130/80కి వచ్చింది. "తగ్గిపోయింది కదా" అని ఆపేశారు. తగ్గింది మాత్ర వల్ల. ఆపిన కొన్ని రోజుల్లోనే మళ్లీ పాత అంకెకు వెళ్తుంది, అదీ మీకు తెలియకుండా. రెండో కారణం భయం. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట, కిడ్నీలు పోతాయట" అని పక్కింటివాళ్లు చెబుతారు. కిడ్నీలను నిజంగా పాడుచేసేది అదుపులో లేని బీపీ, షుగరే. మూడో కారణం చిన్న ఇబ్బందులు. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి పాదాలు వాస్తాయి, మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపులో తిప్పుతుంది. వీటికి మాత్ర మార్చడమో, మోతాదు సరిచేయడమో డాక్టర్ చేయగలరు. మీకు మీరే ఆపేస్తే ఆ అవకాశం పోతుంది.

దీనికి ఏం పనిచేస్తుందో కొంత తెలుసు. 2017 నవంబర్‌లో బీపీ నియంత్రణకు ఓ ప్రత్యేక కార్యక్రమం దేశంలో మొదలైంది. తొలి విడతలో తీసుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో చేసింది పెద్ద సాంకేతిక విప్లవమేమీ కాదు. అందరు డాక్టర్లూ ఒకే వరుసలో, కొద్ది రకాల మాత్రలే రాయడం, ఇంటి దగ్గరి కేంద్రంలోనే నెలకు సరిపడా మందులివ్వడం, రానివాళ్లకు ఫోన్ చేయడం, అంతే. చికిత్సలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా దక్కింది. మిగతా సగం సంగతేమిటని మీరు అడగొచ్చు, సరైన ప్రశ్నే. మందులు నిండుకున్న నెలలో రోగి వెనక్కి వెళ్లిపోతే, మళ్లీ తీసుకురావడం కష్టం. మీ కేంద్రంలో మాత్రలు లేవంటే ఊరుకోకుండా మెడికల్ ఆఫీసర్‌ను అడగండి. ఈలోగా అవే మందులను జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు కొనుక్కోవచ్చు. ఒక్కరోజు కూడా ఖాళీ వదలకపోవడం ముఖ్యం.

ఆరోగ్యశ్రీ ఉంది కదా?

ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది కూడా. గుండెకు స్టెంట్, బైపాస్, డయాలసిస్, క్యాన్సర్ చికిత్స లాంటివి అందులో వస్తాయి. కానీ అది జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాక ఆదుకునే పథకం. రోజూ వేసుకునే బీపీ మాత్ర దాని కిందకు రాదు, అది దొరికేది మీ వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో. మన దృష్టంతా పది లక్షల మీద ఉంటుంది, ఉచితంగా ఇచ్చే మాత్రను మాత్రం పట్టించుకోం. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషికి బిల్లు ఎవరు కట్టినా, పోయిన మాట పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఈ సందర్భంలోనే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. అది ఏ సమయానికి మొదలైందో గడియారం చూసి రాసుకోండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. నిమ్మరసం తాగించి, పడుకోబెట్టి, "తెల్లారాక చూద్దాం" అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఆధార్, ఫోన్ ఉంటే వివరాలు నమోదు చేసుకుని, 14 అంకెల ఆభా నంబరు కూడా ఇస్తారు. రేపు ఎంజీఎంకు పంపాల్సి వచ్చినా పాత రికార్డు దొరకడానికి అది ఉపయోగపడుతుంది. ఇప్పటికే ఏవైనా మందులు వాడుతుంటే, పేరు గుర్తులేక "తెల్ల మాత్ర, చిన్నది" అని చెప్పే బదులు ఆ స్ట్రిప్పులను సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయుర్వేదం, హోమియో మందులు వాడుతున్నా చెప్పండి. ఉద్యోగం వల్ల పరీక్షల రోజు కుదరకపోతే, కేంద్రం తెరిచి ఉన్న ఏ రోజైనా వెళ్లి బీపీ, షుగర్ చూడమని అడగొచ్చు. ఆ రెండింటికీ పది నిమిషాలు కూడా పట్టదు.